పడవ తొట్టిలో చేపనీ, ఎరనీ ఇంటికొచ్చేదాకా బతికించుకోవడం ఎలా

పడవ తొట్టిలో చేపలు తేలిపోతుంటే చాలామంది చేసే పని ఒకటే, ఇంకో బకెట్ నీళ్లు పొయ్యడం. దాంతో ఒక పావుగంట గడుస్తుంది. తర్వాత కథ మళ్లీ మొదటికే వస్తుంది. విజయవాడలో కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఇబ్రహీంపట్నం ఫెర్రీ నుంచి భవానీ ద్వీపం దాకా, అవతల వెంకటపాలెం, సీతానగరం వైపు గాలం వేసేవాళ్లందరికీ ఈ తిప్పలు తెలుసు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికా వాళ్ల బాస్ చేపకీ, వాళ్ల చల్లటి సరస్సులకీ రాసినవి. మన నీళ్లు వెచ్చన, మన చేపలు వేరు. మనకి గాలానికి పడేవాటిలో నీళ్లలో కరిగిన గాలితో బతికేవి కొన్ని, పైకొచ్చి గాలి మింగితే తప్ప బతకనివి కొన్ని. ఈ రెండింటినీ ఒకే తొట్టిలో, ఒకే పద్ధతిలో ఉంచితే ఏదో ఒకటి పోతుంది. అందుకని పంపు కొనే ముందు, పెట్టె వెతికే ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

ఏ చేప కోసం వెళ్తున్నారో ముందే అనుకోండి

బొచ్చె, శీలావతి, ఎర్రమైల, గడ్డిచేప, జిలేబీ, ఎరకి వాడే పరిగెలు మొప్పలతోనే బతకాలి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే వాటికి వేరే దారి లేదు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి అలా కాదు. మొప్పలతోపాటు గాలి పీల్చుకునే ఏర్పాటు వాటి ఒంట్లోనే ఉంది. కొర్రమీనుని తొట్టిలో వేసి కాసేపు గమనించండి. అడుగున కదలకుండా ఉన్నదల్లా మెల్లగా ముక్కు పైకెత్తి వస్తుంది, నోరు నీటి మట్టం దాటించి ఒక్క గుక్క గాలి తీసుకుంటుంది, మొప్పల పక్కనుంచి రెండు బుడగలు వదిలి మళ్లీ కిందకి దిగిపోతుంది. ఆ గుక్క అందకపోతే నీళ్లలోనే ఉండి ఊపిరాడక చస్తుంది. తొట్టిని మూత దాకా నింపేసి, నీళ్లు నిండుగా ఉన్నాయి కదా అని నిశ్చింతగా కూర్చుంటే కొర్రమీను పోయేది ఇలాగే.

కాబట్టి కొర్రమీను తొట్టిలో నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ ఉండాలి. చేప వీపు మునిగి పైన రెండు మూడు అంగుళాల నీళ్లు ఉంటే సరిపోతుంది. మూత మాత్రం గట్టిగా ఉండాలి, ఎందుకంటే అది ఎగిరే చేప. మూతకి చిల్లులు పెట్టి తాడుతో కట్టండి. బొచ్చె, శీలావతి తొట్టిలో నీళ్లు ఎక్కువ కావాలి, పంపు ఆగకుండా తిరగాలి. రెండు రకాలూ పడతాయని అనుమానం ఉంటే రెండు పెట్టెలు పట్టుకెళ్లండి. ఎరకి మూడోది. కొర్రమీనుని పరిగెలతో ఒకే చోట వేస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

జెల్లలకీ, ఇంగిలాయికీ కూడా విడిగా ఒక బకెట్ ఉండాలి. జెల్ల ముల్లు రంపంలా ఉండి పక్క చేప ఒళ్లు చీరేస్తుంది. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది, చేతికి గుచ్చుకుంటే నొప్పి గంటల తరబడి వదలదు. దాన్ని చేత్తో కాకుండా చేతి వలతోనే తీయండి.

తొట్టి ఎలాంటిది

పెద్ద బోట్లకి లైవ్‌వెల్, అంటే చేపని బతికించి ఉంచే తొట్టి, కట్టించే వస్తుంది. మన నాటు పడవలకీ, చిన్న ఫైబర్ బోట్లకీ చేపల మార్కెట్లో దొరికే ధర్మాకోల్ పెట్టె చాలు. ఎండని ఆపడంలో దానికి సాటి వచ్చే వస్తువు ఆ ధరలో లేదు. ఒట్టి ధర్మాకోల్ పడవ కుదుపులకి విరుగుతుంది గనక దాన్ని ఒక ప్లాస్టిక్ క్రేటులో దింపండి. 50, 60 లీటర్లు పట్టేది తీసుకుంటే ఇద్దరు మోయగలరు. అంతకన్నా పెద్దదైతే పడవలో నీళ్ల బరువు ఒక పక్కకి ఒరిగి ప్రమాదం. పెట్టెని పడవ మధ్యలో, అడుగుకి ఆనించి పెట్టండి. అంచు మీద ఎప్పుడూ వద్దు.

చదరపు పెట్టెలో పరిగెలు మూలలకి చేరి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, మూతులు గీసుకుంటాయి. గుండ్రటి డ్రమ్ము ఉంటే ఎరకి అది వాడండి. లేకపోతే నాలుగు మూలల్లోనూ స్పాంజి ముక్కలు ఇరికించండి, మూల గుండ్రంగా అయిపోతుంది. వాడిన డ్రమ్ము కొంటే లోపల అంతకుముందు ఏముండేదో అడగండి. పురుగుమందో, యాసిడో పోసిన డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా చేపలకి పనికిరాదు.

నీళ్లు ఎక్కడివి పట్టాలి

చేప ఏ నీళ్లలో పెరిగిందో ఆ నీళ్లే దానికి మంచిది. అంటే నది మధ్యకి వెళ్లాక, కదిలే చోట, ఒక బకెట్ లోతు నుంచి పట్టండి. పైపైన ఉండే నీళ్లు ఎండకి కాగి ఉంటాయి. ఒడ్డున గుర్రపుడెక్క పరుచుకున్న చోట పట్టొద్దు. ఆ ఆకుల కింద వెలుతురు దిగదు, కుళ్లిన వేర్లు నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేసుకుంటాయి, అడుగు నీళ్లు బకెట్‌లోకి వచ్చేసరికి మురుగు వాసన కొడుతుంది. తెల్లవారుజామున ఇది మరీ ఘోరం. రాత్రంతా మొక్కలూ నాచూ ఆక్సిజన్ తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వవు. నిలవ నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది సూర్యోదయానికి ముందే. ఊళ్లో నుంచి పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లో డ్రెయినేజీ కలుస్తుంది. దారిలో అక్కడ నింపుకుని వెళ్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

కుళాయి నీళ్లు తప్పనిసరైతే ముందు రోజే పట్టి, మూత లేని డ్రమ్ములో, గాలి పంపు వేసి ఒక రోజంతా ఉంచండి. క్లోరిన్ పోతుంది. అంత టైమ్ లేకపోతే అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, సీసా మీద రాసినంతే వెయ్యండి. క్లోరిన్ నేరుగా మొప్పల్ని కాలుస్తుంది, ఎర పరిగెలైతే గంట కూడా ఆగవు.

వరద నీళ్లు వచ్చే రోజుల్లో ఒండ్రు గురించి జాగ్రత్త పడాలి. ఆ ఎర్ర నీళ్లు నేరుగా పోస్తే బురద మొప్పలకి పట్టుకుంటుంది, పంపు కూడా బిగుసుకుంటుంది. రెండు బకెట్లు ముందుగా నింపి కదపకుండా ఉంచి, తేరిన పై నీళ్లు పాత పంచె గుండా వంచుకోండి.

ఉప్పు

లీటరుకి 3 గ్రాముల రాళ్ల ఉప్పు. 60 లీటర్ల తొట్టికి 180 గ్రాములు, అంటే దాదాపు రెండు గుప్పిళ్లు, కానీ మొదటిసారైనా తూచి వెయ్యండి. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటికన్నా ఎక్కువ. దెబ్బ తగిలి జిగురు పొర పోయిన చోటల్లా ఆ ఉప్పు బయటికి కారిపోతుంది, నీళ్లు లోపలికి చేరతాయి. నీళ్లలో కొంచెం ఉప్పుంటే ఆ తేడా తగ్గి చేపకి ఓపిక మిగులుతుంది. బకెట్‌లో కరిగించి పొయ్యాలి, రాయి రాయిగా చేపల మీద చల్లకూడదు.

గాలి పంపు, బ్యాటరీ

ఇక్కడ కాస్త లెక్క తెలిస్తే మంచిది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది, 35 డిగ్రీలకి ఏడు. పట్టుకోగలిగేది ఇలా తగ్గుతుంటే చేపకి కావాల్సింది మాత్రం పెరుగుతుంది. నీళ్ల వేడి పది డిగ్రీలు పెరిగితే చేప వాడుకునే ఆక్సిజన్ సుమారు రెట్టింపవుతుంది. గాలానికి చిక్కి పావుగంట పెనుగులాడిన చేపకి ఇంకా ఎక్కువ కావాలి. శీలావతి, బొచ్చె హాయిగా ఉండాలంటే లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకోవాలి. అంటే ఏడున్నరలో మనకి మిగిలిన ఖాళీ ఎంత తక్కువో చూడండి. వేసవిలో పంపు పది నిమిషాలు ఆపి బ్యాటరీ దాచుకుందామనుకోవడం ప్రమాదం అనేది ఇందుకే.

అక్వేరియంలో గాలిని సన్న బుడగలుగా విడగొట్టడానికి వాడే ఎయిర్ స్టోన్‌తో చిన్న బ్యాటరీ పంపు ఎరకి చాలు. పెద్ద చేపలకి 12 వోల్టుల పంపు, దానికి రెండు ఎయిర్ స్టోన్లు పెట్టండి. బుడగ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, పెద్ద బుడగ ఊరికే పైకి లేచిపోతుంది. పంపు మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో 1 ఆంపియర్ పంపు లెక్క ప్రకారం 7 గంటలు నడవాలి. నిజంలో 5 గంటలు అనుకుని బయల్దేరండి. పంపు గాలి పీల్చుకునే వైపుని నీడలో ఉంచండి, ఎండలో కాగిన గాలిని నీళ్లలోకి తోస్తే నీళ్లూ వేడెక్కుతాయి.

చిల్లులు పెట్టిన కొర్రమీను తొట్టి మూత సరే, మిగతా తొట్లకి మూత పూర్తిగా బిగించొద్దు. చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటే, ఆక్సిజన్ ఎంత ఉన్నా చేప దాన్ని తీసుకోలేదు. ఒక మూల రెండు వేళ్ల సందు చాలు.

ఒక హెచ్చరిక. మన ప్రాంతంలో చెరువుల రైతులు ఆక్సిజన్ బిళ్లలు, పొడి వాడతారు, ఆక్వా మందుల షాపులో ఎవరడిగినా ఇస్తారు. పడవ తొట్టిలో వాటిని వెయ్యొద్దు. అవి ఎకరాల లెక్కన చల్లేవి. 60 లీటర్లలో ఒక చిటికె ఎక్కువైనా మొప్పలు కాలిపోతాయి, పైగా నీళ్ల పీహెచ్, అంటే క్షార గుణం, పెరిగి చేపల విసర్జన వల్ల తొట్టిలో చేరిన అమ్మోనియా మరింత విషమవుతుంది. చేప పిల్లల్ని తీసుకెళ్లే బళ్లలో పెట్టే ఆక్సిజన్ సిలిండరు మీకు అందుబాటులో ఉండి, రెగ్యులేటర్ వాడటం తెలిస్తే అది వేరే విషయం.

చల్లదనం

మే నెలలో విజయవాడలో ఎండ 45 దాటే రోజుల్లో అసలు మధ్యాహ్నం చేపని తొట్టిలో ఉంచే ప్రయత్నమే వద్దని నా అభిప్రాయం. తెల్లవారుజామున వెళ్లి తొమ్మిదికల్లా వచ్చెయ్యండి. మిగతా కాలంలో ఐస్ పనికొస్తుంది, కానీ దాన్ని నేరుగా నీళ్లలో వెయ్యకూడదు. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ ఏ నీళ్లతో చేశారో మనకి తెలియదు, క్లోరిన్ ఉండొచ్చు. లీటరు నీళ్ల సీసాలు ఇంట్లో గడ్డకట్టించి తీసుకెళ్లండి. ఒక లీటరు సీసా మొత్తం కరిగితే 60 లీటర్ల నీళ్లు రెండు డిగ్రీల లోపే చల్లబడతాయి. కాబట్టి ఒక సీసా వేసి, కరిగాక ఇంకోటి వెయ్యండి. నది నీళ్లకన్నా మూడు నాలుగు డిగ్రీలు తగ్గితే చాలు. ఒకేసారి ఐదు సీసాలు వేస్తే ఆ దెబ్బకే చేప సొమ్మసిల్లుతుంది. ఒక అక్వేరియం థర్మామీటరు కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు.

పెట్టె మీద తడిపిన గోనె పట్టా కప్పండి. మూత తీసి మాటిమాటికీ చూడటం తగ్గించండి, వెలుతురూ చప్పుడూ చేపని బెదరగొడతాయి.

ఎర

పరిగెలకి ముందు రోజు నుంచి మేత ఆపెయ్యండి. తిన్న చేప దారంతా విసర్జిస్తుంది, నీళ్లు అక్కడే పాడవుతాయి. రెండు మూడు అంగుళాల పరిగెలు లీటరుకి రెండు చొప్పున వేసుకోండి, అంతకు మించొద్దు. చచ్చినదాన్ని కనపడగానే తీసెయ్యాలి, ఒక్కటి కుళ్లితే మిగతావన్నీ పోతాయి. ఎర తీసేటప్పుడు చిన్న చేతి వల వాడండి. చేత్తో వెతికితే ఒకదాని కోసం అన్నిటి పొలుసూ రాలుతుంది, చేతికి సన్‌స్క్రీనో, దోమల క్రీమో రాసుకుని ఉంటే అది నేరుగా నీళ్లలోకి వెళ్తుంది.

చిన్న రొయ్యలకి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. దాక్కోవడానికి ఒక ముక్క పాత వల పడెయ్యండి, లేకపోతే పొర వదిలిన రొయ్యని మిగతావి తినేస్తాయి. దూరం తక్కువైతే రొయ్యల్ని నీళ్లలో వెయ్యకుండా తడి గోనెలో చుట్టి, చల్లటి పెట్టెలో పెట్టినా కొన్ని గంటలు నిలుస్తాయి. ఎర్రలకి తొట్టి అక్కర్లేదు. చెమ్మగా ఉన్న మట్టి, కుళ్లిన ఆకు, నీడ ఉంటే చాలు.

పట్టిన చేపని తొట్టిలో వెయ్యడం

అన్ని జాగ్రత్తలూ తీసుకున్న తొట్టి కూడా చేతిలోనే దెబ్బతిన్న చేపని కాపాడలేదు. చేపని తాకే ముందు చేతులు నీళ్లలో ముంచండి. పొడి చెయ్యి, పొడి గోనె, ఎండకి కాగిన పడవ చెక్క, మూడూ జిగురు పొరని ఒలిచేస్తాయి. మొప్పల్లో వేలు పెట్టి ఎత్తకుండా ఒక చెయ్యి పొట్ట కిందా, ఒక చెయ్యి తోక మొదట్లోనూ వెయ్యండి. గాలం గొంతులోకి దిగితే లాగొద్దు, దారం దగ్గరగా కోసి గాలాన్ని అక్కడే వదిలెయ్యండి. రక్తం కారే చేపని మంచి చేపలతో కలపకండి, అది ఆ రోజు కూరకే.

60 లీటర్లకి మొత్తం నాలుగైదు కిలోలు దాటొద్దు. పెద్ద బొచ్చె ఒకటి పడితే అది ఒక్కటే ఉండనివ్వండి.

గంటకోసారి ఏం చూడాలి

శీలావతి, బొచ్చె పైకొచ్చి నోరు తెరిచి మూస్తుంటే ఆక్సిజన్ తక్కువైనట్టు. అదే పని కొర్రమీను చేస్తే కంగారు పడక్కర్లేదు, అది దాని అలవాటు. కొర్రమీను మాటిమాటికీ, కుదురు లేకుండా పైకి వస్తుంటే మాత్రం నీళ్లు పాడయ్యాయని అర్థం.

నీళ్ల మీద నురుగు చూడండి. పంపు బుడగలు వెంటనే పగిలిపోతే నీళ్లు బాగున్నట్టే. వేలితో తాకినా పగలకుండా, కొద్దిగా పసుపు రంగులో, అంచులకి అంటుకుని నిలబడితే చేపల జిగురూ విసర్జనా పేరుకున్నట్టు. మూడో వంతు నీళ్లు తోడి, నది నీళ్లు మెల్లగా పొయ్యండి. మొత్తం ఒకేసారి మార్చితే వేడి తేడాకి చేప తట్టుకోలేదు. మార్చిన నీళ్లకి సరిపడా ఉప్పు మళ్లీ కలపడం మర్చిపోవద్దు.

చేప పక్కకి ఒరిగినా మొప్పలు ఆడుతుంటే వదిలెయ్యకండి. చేత్తో నిటారుగా పట్టుకుని, తల ఎయిర్ స్టోన్ వైపు తిప్పి ఉంచండి. ముందుకీ వెనక్కీ గుంజడం వల్ల లాభం లేదు, నీళ్లు మొప్పల్లోకి వెనకనుంచి పోకూడదు. నదిలోకి వదిలేద్దామనుకున్న చేపనైతే పారే నీళ్లకి ఎదురుగా పట్టుకోండి, అదే తోక కొట్టి వెళ్తుంది.

ఒడ్డుకి వచ్చాక

మిగిలిన ఎరనీ, తొట్టి నీళ్లనీ ఇంకో చెరువులోనో కాలువలోనో పొయ్యొద్దు. అక్వేరియంల నుంచి వదిలేసిన సక్కర్ చేప ఇవ్వాళ కృష్ణలో వలలకి చిక్కి మత్స్యకారుల్ని ఏడిపిస్తోంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని దేశమంతా నిషేధించినా అది అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. పరిగెలతోపాటు ఏ పిల్ల కలిసి వచ్చిందో, ఏ రోగం వచ్చిందో చూసి చెప్పలేం. ఎరని ఎక్కడ పట్టారో అదే నీళ్లలో వదలండి, లేదా ఇంటికి తెచ్చి ఎండబెట్టి కోళ్లకి వెయ్యండి.

ఇంటికి చేపని బతికుండగానే తేవాలనుకుంటే తొట్టిలో నీళ్లు సగానికి తగ్గించి, చివరి ఐస్ సీసా వేసి, పంపు ఆపకుండా బండి ఎక్కించండి. కొర్రమీనుకి అడుగున అంగుళం నీళ్లు, పైన తడి గోనె చాలు.

తొట్టిని సబ్బుతో కడగొద్దు, ధర్మాకోల్ సబ్బుని పీల్చుకుని మళ్లీసారి నీళ్లలోకి వదులుతుంది. రాళ్ల ఉప్పు చల్లి, కొబ్బరి పీచుతో రుద్ది, ఒకరోజు బోర్లించి ఎండలో పెట్టండి. ఎయిర్ స్టోన్‌ని మంచినీళ్లలో నానబెట్టి, బ్యాటరీకి ఆ రాత్రే ఛార్జింగ్ పెట్టెయ్యండి.